‘అన్యుడైన’ తండ్రి పాడె మోయవచ్చా?

జనగామ జిల్లా పాలకుర్తి చుట్టుపక్కల పల్లెల్లో సేవ చేసే కాపరులకు ఈ ప్రశ్న కొత్తది కాదు. కొడుకు బాప్తిస్మం తీసుకున్నాడు, తండ్రి తీసుకోలేదు. ఆ తండ్రి కన్నుమూశాడు. వాకిట్లో డప్పు మోగుతోంది, కులపెద్దలు వచ్చి కూర్చున్నారు. కొడుకు పక్కకు వచ్చి ఫోన్ చేస్తాడు: “అయ్యగారూ, మా నాయిన పాడె మోయచ్చా?”

“కూడదు, అది అన్యాచారం” అని జవాబిచ్చే సంఘాలున్నాయి. అలా చెప్పిన రోజులు మాకూ ఉన్నాయి. మా మాట విని ఒక కొడుకు గుంపు వెనకాల చేతులు కట్టుకుని నడిచాడు. తండ్రి పాడె చుట్టాల భుజాల మీద పోయింది. ఆ తర్వాత ఆ తల్లి మేము ఎదురైతే తల తిప్పుకునేది. లేఖనం ప్రకారమే చెప్పామని అప్పుడు అనుకున్నాం. ఏ లేఖనమని ఆ పిల్లవాడు అడగలేదు, మేమూ వెతకలేదు.

వెతికి ఉంటే మార్కు సువార్త 7వ అధ్యాయం దొరికేది. తల్లిదండ్రులకు చేయాల్సిన సహాయాన్ని ‘కొర్బాను’ అని, అంటే దేవునికి అర్పితమని అనేస్తే చాలు, ఇక వారికేమీ చేయనక్కర్లేదని పెద్దల పారంపర్యాచారం ఒప్పుకునేది. అది ఊరికే పుట్టిన ఆచారం కాదు. మొక్కుకున్నది తీర్చాలని ధర్మశాస్త్రంలోనే ఉంది (సంఖ్యాకాండము 30). ఒక ఆజ్ఞను కాపాడబోయి, తల్లిదండ్రులను సన్మానించాలన్న ఇంకో ఆజ్ఞను కొట్టేశారు. యేసు అక్కడ ధర్మశాస్త్రాన్ని పక్కన పెట్టలేదు, అది ఎందుకు ఇవ్వబడిందో గుర్తుచేశాడు. ప్రేమలోనే ధర్మశాస్త్రం నెరవేరుతుందని పౌలు రోమీయులకు (13:8-10) చెప్పినదీ ఇదే.

అసలు చిక్కు ‘అన్యులు’ అనే మాటలో ఉంది. మన పొరుగువారిని అలవాటుగా అలా అంటాం. బైబిల్లో ఆ మాట మనలాంటి వారికే వర్తిస్తుందని మరచిపోతాం. యూదుడు అన్యుల ఇంటికి వెళ్లడం ఆచారానికి విరుద్ధమని పేతురు చెప్పింది కొర్నేలీ ఇంట్లో నిలబడే (అపొ. కార్యములు 10:28). అదే పేతురు ఆ తర్వాత అంతియొకయలో, యాకోబు దగ్గర నుంచి కొందరు రాగానే, అన్యజనులతో కలిసి భోంచేయడం మానుకున్నాడు. పౌలు అందరి ఎదుటా నిలదీశాడు (గలతీ 2). ఆ రోజు పేతురు చేసిందే సరి అని సంఘం ఒప్పుకుని ఉంటే ప్రభువు బల్ల దగ్గర మనకు చోటెక్కడిది? పైగా మన సంఘాల్లో చాలామంది తాతముత్తాతలు ఊరి బావి దగ్గర కూడా ఇదే ‘తాకకూడదు’ అన్న మాట పడ్డవారు.

పాలకుర్తి వారికి దీన్ని వేరే చెప్పనక్కర్లేదు. ఈ ఊరి పేరే ఇంటిపేరైన పాల్కురికి సోమనాథుడు 13వ శతాబ్దంలోనే కులాచారాన్ని ధిక్కరించాడు. ద్విపదలో రాసిన బసవపురాణంలో బట్టలుతికే మడివాలు మాచయ్యను మహాభక్తుడిగా నిలబెట్టాడు. మాదర చెన్నయ్య పెట్టిన అంబలిని శివుడు ఆరగించాడని చెప్పాడు. ఆయన మార్గం మన మార్గం కాదు, అయినా ఆ తెగువ గొప్పది. అయితే ఆ వీరశైవమే లింగం ధరించని వారికి ‘భవులు’ అని పేరు పెట్టి, వారి సాంగత్యం కూడదని ఇంకో గిరి గీసింది. దానికి మనం నవ్వే పని లేదు. వారు ‘భవులు’ అన్నచోట మనం ‘అన్యులు’ అంటున్నాం, అంతే తేడా.

అలాగని అన్నీ చేయవచ్చా? నయమాను ఎలీషాను అడిగింది ఇలాంటిదే. మా రాజు రిమ్మోను గుడిలో నా చేతిమీద ఆనుకున్నప్పుడు నేనూ వంగాల్సి వస్తుంది, దేవుడు క్షమిస్తాడా అన్నాడు. ఎలీషా సరే అనలేదు, వద్దనలేదు, నెమ్మదిగా వెళ్లమని పంపాడు (2 రాజులు 5:18-19).

ఇప్పుడు మమ్మల్ని అడిగితే ఇలా చెబుతున్నాం. పాడె మొయ్యి బిడ్డా, అది పూజ కాదు. ఖర్చులో నీ వంతు నువ్వే ముందు పెట్టు. దినాలు అయ్యేదాకా తల్లి దగ్గరే ఉండు. పిండం పెట్టడానికి, పిట్టకు పెట్టడానికి నీ మనస్సాక్షి ఒప్పుకోకపోతే ముందే అన్నదమ్ములకు మెల్లగా చెప్పుకో, శ్మశానం దగ్గర వాదం పెట్టుకోకు. కొరివి సంగతిలో కాపరులందరిదీ ఒకే మాట కాదు. నిప్పు పెట్టినంత మాత్రాన విగ్రహారాధన అవుతుందని మేము అనుకోం. బలహీనులకు అభ్యంతరం కలిగించవద్దన్న 1 కొరింథీ 8 కూడా మన ముందుంది గనుక, అది వాడి మనస్సాక్షికే వదిలేస్తాం. కొరివి పెట్టాడని ఆదివారం బల్లకు దూరం చేయడం మాత్రం మా వల్ల కాదు.

సంఘ పెద్దలకు ఒక మనవి. ఆ ఇంటికి మనమూ వెళ్దాం. ప్రార్థన చేస్తామని పట్టుబట్టవద్దు. ఆ తల్లి అడిగితే చేద్దాం, అడగకపోతే ఆమె దగ్గర కాసేపు కూర్చుని వద్దాం.