మార్గో రాణి కథలో చరిత్ర యెంత?

అలెగ్జాండర్ డ్యూమా పేరు వినగానే మనకు ‘త్రీ మస్కెటీర్స్’ స్ఫురించును. ఆ కీర్తి నీడలో కొంత మరుగుపడిన నవల ‘లా రేన్ మార్గో’, అనగా మార్గో రాణి. 1844 డిసెంబరు మొదలు 1845 ఏప్రిల్ వరకు పారిస్‌లోని ‘లా ప్రెస్’ దినపత్రికలో ఇది ధారావాహికముగా వెలువడినది. చరిత్ర బోధించిన ఒగూస్త్ మాకే దీని రచనలో డ్యూమాకు తోడ్పడెను.

1572 ఆగస్టు 18న ఫ్రాన్సు రాజు తొమ్మిదవ చార్లెస్ తన చెల్లెలు మార్గరీత్‌ను ప్రొటెస్టెంటుల నాయకుడైన నవార్ రాజు హెన్రీకిచ్చి వివాహము చేసెను. దీనితో మతకలహములు చల్లారునని ఆశించిరి. పెండ్లి తోరణములు వాడకమునుపే, ఆగస్టు 24న, సెయింట్ బార్తలోమ్యూ పర్వదినమున, వివాహమునకు వచ్చిన ప్రొటెస్టెంటు ప్రభువుల ఊచకోత ప్రారంభమైనది.

ఆ రాత్రి నెత్తురోడుచు ఒక యువకుడు మార్గో శయనాగారములోనికి పరుగెత్తుకొని వచ్చును. ఆమె అతనిని కాపాడును, పిదప ప్రేమించును. అతడే ప్రొటెస్టెంటు వీరుడు లా మోల్. ఇది వట్టి కల్పన యని తలచువారుందురు. కాని ఇట్టి సంఘటనను మార్గరీత్ స్వయముగా తన స్మృతులలో వ్రాసికొన్నది. అయితే ఆ వచ్చినవాడు వేరొకడు. చారిత్రకుడైన లా మోల్ కాథలిక్కు! డ్యూమా అతని మతమునే మార్చివైచెను. ఏలయన, ఆ రాత్రి కాథలిక్కునకు శరణు కోరవలసిన పనిలేదు. తరుమబడువాని పక్షమున రాకుమార్తె నిలువవలెనన్న ఈ మార్పు తప్పదు.

కోకోన్నా విషయమున మాత్రము నాకు కొంత సంకోచము కలదు. నవలలో ఈ కాథలిక్కు యోధుడు లా మోల్‌తో ఒకే సత్రములో భుజించి, ఆ రాత్రియే అతనిపై కత్తి దూయును. గాయములు మానునాటికి ప్రాణమిత్రుడగును. తుదకు ఇరువురును చెరసాల పాలగుదురు. హింసలో కాళ్లు విరిగిన లా మోల్ నడువలేడు. పారిపోగల అవకాశముండియు కోకోన్నా అతనిని విడువక, కలసి మరణించును. ఈ ఘట్టము చదివి చలింపనివారరుదు. 1574 ఏప్రిల్ 30న వారికి శిరశ్ఛేదము జరిగినమాట నిజము. కాని నాటి రచయితలు కోకోన్నాను ఊచకోతలోని క్రూరులలో ఒకనిగా పేర్కొనిరి. ఆ నెత్తుటి మరకను స్నేహముతో ఇంత సులువుగా కడిగివేయవచ్చునా?

రాజమాత కేథరిన్ హెన్రీకై విషము పూసిన పుస్తకమును పంపగా, దానిని ఆమె కుమారుడు చార్లెస్ చదివి మరణించుట కల్పనయే. అతడు 1574 మే 30న వ్యాధితో మృతిచెందెను. ఊచకోతకు ఎవరెంత బాధ్యులను విషయమున చరిత్రకారులలో నేటికిని ఏకాభిప్రాయము లేదు. డ్యూమాకు మాత్రము ఆ సందేహమే లేదు.

ప్రేమలేని భర్తను మార్గో రాజకీయమున విడువకుండుట నవలలోని చక్కని భాగము. ఇది చరిత్రకు దూరము కాదు. 1574లో కుట్ర విచారణలో హెన్రీ సమర్పించిన సమాధానమును వ్రాసి యిచ్చినది ఆమెయే.