తూము వేరు, గండి వేరు

మా పెనుగొలను గ్రామమున వృద్ధులు పూర్వకథలు చెప్పునప్పుడును, చదువుకొన్న యువకులు సభలలో ప్రసంగించునప్పుడును, నా చెవికి ములుకువలె గ్రుచ్చుకొను మాట యొకటి కలదు. రజాకార్లనగా నిజాము సైన్యమనుటయే ఆ మాట. నాటి తిరువూరు తాలూకాలోని మా ఊరికి పడమటి దెసగా కొలది క్రోసుల దూరమున నాడు హైదరాబాదు సంస్థానపు ఎల్ల యుండెను. మధిర ప్రాంతమంతయు నాడు ఆ సంస్థానములోని వరంగల్లు జిల్లాలోనిది. 1947, 48 సంవత్సరములలో ఆ ఎల్ల దాటి, తట్టాబుట్టా నెత్తిన బెట్టుకొని, చంటిబిడ్డలను చంకనెత్తుకొని ఇవతలి గ్రామములకు తరలివచ్చినవారికి, తమ యిల్లు కాల్చినవాడు ఎవరి సైనికుడో విచారించు తీరిక ఎక్కడిది? కావున వారిని తప్పుపట్టను. కాని డెబ్బదియేండ్లు దాటిన తరువాత కూడ మనము ఆ పొరపాటునే వల్లించుచుండుట తగదు. ఆ పొరపాటులో అసలు ప్రమాదము మరుగుపడిపోవుచున్నది.

నిజామునకు సైన్యము వేరుగ నుండెను. మేజర్ జనరల్ సయ్యద్ అహ్మద్ ఎల్ ఎద్రూస్ దానికి సేనాధిపతి. క్రమశిక్షణ గల సైనికులు సుమారు 22,000 మంది. పోలీసు బలగము మరియొకటి. రజాకార్లు ఈ రెంటిలో దేనికిని చెందినవారు కారు. 1927లో ఏర్పడిన మజ్లిస్ ఇత్తెహాదుల్ ముసల్మీన్ అను రాజకీయపక్షమునకు వారు స్వచ్ఛందదళము. ఆ పక్షమునకు వాగ్ధాటి గల నాయకుడైన బహదూర్ యార్ జంగు 1944లో మరణించెను. 1946 చివర లాతూరు వకీలు కాసిం రజ్వీ అధ్యక్షపదవికి వచ్చిన పిదప ఆ దళము దినదినము పెరిగి, రెండు లక్షలకు చేరినదని నాటి అంచనా. అందులో ఆధునికమైన తుపాకులు గలవారు నాలుగవ వంతు మాత్రమే. తక్కినవారికి కత్తులు, బరిసెలు, మందు కూరి కాల్చు నాటు తుపాకులు.

మా ఊరి పేరునే చూడుడు: పెను కొలను, అనగా పెద్ద చెరువు. చెరువునీరు పొలమునకు పోవుటకు తూమున్నది. తూము ఎత్తువాడొకడు, దింపువాడొకడు. ఏ చేనికి ఎన్ని గడియలు పారవలెనో లెక్క యున్నది. లెక్క తప్పినచో అడుగుటకు ఊరి పెద్దలున్నారు. సైన్యము తూమునీరు. అది మంచిచేనికే పారునని నేననుట లేదు. తూమునీరు అన్యాయముగ పారిన దినములు లేకపోలేదు. కాని దానిని ఎత్తిన చెయ్యి ఎవరిదో తెలియును. పార్టీ పెంచిన పటాలము కట్టకు పడిన గండి. గండి కొట్టినవాడు తన పొరుగువాని చేను మునుగునని సంతసించును. తెల్లవారునప్పటికి తన పశువుల కొట్టము, తన యిల్లు, తుదకు తాను నిలిచిన కట్టయును కొట్టుకొనిపోవును. గండి వెడల్పు గండికొట్టినవాని యిష్టమున నుండదు, ప్రవాహపు యిష్టమున నుండును. ఇంకొక దుర్మార్గము కలదు. దొర ఒకడు ఆ గండి ప్రక్కలకు రాళ్లు పేర్చి, సున్నము కొట్టి, ఇది కూడ ప్రభుత్వపు తూమే అని బల్ల కట్టవచ్చును. ఆ పనిని లోకమునకు నేర్పినవాడు ఇటలీ దేశపు ముస్సోలినీ.

1922 అక్టోబరు 28న ముస్సోలినీయొక్క ఫాసిస్టుపక్షపు నల్లచొక్కాల గుంపులు రోము నగరముమీదికి నడచినవి. ప్రధాని సిద్ధపరచిన సైనికశాసనపత్రముమీద రాజు సంతకము చేయక, ముస్సోలినీనే పిలిచి మంత్రివర్గము నిర్మింపుమనెను. 1923 ఫిబ్రవరి 1వ తేదీనుండి ఆ గుంపులు ‘జాతీయభద్రతకై స్వచ్ఛందసేవక దళము’ అను పేర ప్రభుత్వపు బలగమైనవి. రజాకారు పదము ‘రజా’, ‘కార్’ అను రెండు మాటల కూడిక. సమ్మతితో పనిచేయువాడని, స్వచ్ఛందసేవకుడని దానికర్థము. రోములోను హైదరాబాదులోను పెట్టిన పేరు ఒక్కటే!

ఆ ఇటలీ దళపు అమరికను కొంచెము నిదానముగ చెప్పనిండు, ఏలయన నాకు అందు మిక్కిలి కుతూహలము. కింద ‘స్క్వాద్రా’ అను చిన్న జట్టు. అట్టివి మూడు కలిసిన ‘మనిపొలొ’, పిడికెడని ఆ పదమునకర్థము. మూడు పిడికెళ్లు ఒక ‘చెంతూరియా’, అనగా శతము. మూడు శతములు ఒక ‘కొయోర్తె’. మూడు కొయోర్తెలు ఒక ‘లెజియోనె’. లెక్కవేయుడు: ఒక లెజియోనెకు 81 జట్లు. పదవులును ఈ మెట్లనే అనుసరించినవి. అట్టడుగున ‘కామీచియా నేరా’, అనగా ఉత్త నల్లచొక్కా, దానిపై జట్టునాయకుడు కాపొస్క్వాద్రా, పిడికెడునకు కాపొమనిపొలొ, శతమునకు చెంతురియోనె, కొయోర్తెకు సెనియోరె, లెజియోనెకు కొన్సొలె. ఇంకను పైవారు కొందరు కలరు. అందరికిని పైనున్న సేనాధిపతి పదవిని 1926లో ముస్సోలినీ తానే చేపట్టెను.

ఇప్పుడు మహాభారతము ఆదిపర్వములోని అక్షౌహిణీసంఖ్యను స్మరింపుడు. ఒక రథము, ఒక ఏనుగు, మూడు గుఱ్ఱములు, ఐదుగురు కాల్బంట్లు కలసి పత్తి. మూడు పత్తులు సేనాముఖము, మూడు సేనాముఖములు గుల్మము, మూడు గుల్మములు గణము, మూడు గణములు వాహిని. వాహినికి 81 పత్తులు! ఇది వినగానే మన పురాణములనుండియే రోమువారు దొంగిలించిరని తొడ చరచువారు బయలుదేరుదురని నాకు తెలియును. అట్టి మాటకు ఆధారము రవ్వంతయు లేదు. ఒక నాయకుడు తన కంటి యెదుట మూడు గుంపులను సులభముగ నడపగలడు, పదింటిని నడపలేడు. కనుక మూడు మూడుగ కూర్చుట ఎక్కడివారికైనను తోచును. ప్రాచీన రోమువారు సయితము ఇట్లు కూర్చలేదు. వారి సైన్యములో రెండు శతములు కలిసి ఒక పిడికెడు. ముస్సోలినీ దళములో మూడు పిడికెళ్లు కలిసి ఒక శతము. పూర్వుల పేరు తెచ్చుకొని వరుస తలక్రిందులు చేసినాడు! పేరుతోనే పని గడచును, చరిత్రతో వారికి పనిలేదు.

రజాకార్లలో ఇన్ని మెట్ల ఆడంబరము నిలద్రొక్కుకొనుటకు కాలము చాలలేదు. పైన రజ్వీ, జిల్లాలలోను తాలూకాలలోను ‘సాలార్లు’, కింద ఖాకీ తొడిగిన గుంపు. సాలారనగా దళపతి, సాలార్‌జంగు అను బిరుదములోని సాలారు ఇదియే. కాని మెట్ల సంఖ్యకంటె ముఖ్యమైనది ప్రమాణము. సైనికుడు రాజునకో రాజ్యమునకో ప్రమాణము చేయును. రజాకారు తన నాయకునికొఱకు, తన పక్షముకొఱకు ప్రాణమిత్తునని, దక్కనులో తనవారి ఆధిపత్యమును నిలుపుటకు కడవరకు పోరుదునని ప్రమాణము చేసెను. ఇటలీలోను మొదట అంతే. 1924లో మత్తెయొత్తి అను ప్రతిపక్షసభ్యుని హత్యచేత దేశము అట్టుడికిన పిమ్మట గాని నల్లచొక్కాలచేత రాజునకు ప్రమాణము చేయింపలేదు.

రజాకార్లు నిజాము సైన్యము కారనుటకు ఇంతకు మించిన సాక్ష్యము కలదు. 1947 అక్టోబరు 27, తెల్లవారుజాము. ప్రధాని ఛత్తారీ నవాబు, న్యాయసలహాదారు సర్ వాల్టర్ మాంక్టన్, సర్ సుల్తాన్ అహ్మద్, భారతప్రభుత్వముతోడి యథాతథపు ఒడంబడిక విషయమై ఆ యుదయమున ఢిల్లీకి పోవలసియుండిరి. రజ్వీ పక్షపు జనము వేలకొలదిగ చీకటిలో వచ్చి ఆ మువ్వురి యిండ్లను చుట్టుముట్టి వారిని కదలనీయలేదు. సాక్షాత్తు నిజాము పంపదలచిన దూతలను నిజాము సైన్యము వచ్చి విడిపింపవలసివచ్చెను. దూతలు తప్పుకొనిరి, ఛత్తారీ రాజీనామా చేసెను, కొలది వారములలో రజ్వీకి అనుకూలుడైన మీర్ లాయక్ అలీ ప్రధానియయ్యెను. రోము నడకకు ఇరువదియైదేండ్లు నిండుటకు ఒక్క దినము తక్కువ. నిజాముది పాతకాలపు నిరంకుశరాజరికమే గాని ఫాసిజము కాదని నా అభిప్రాయము. కాని ఆ రాత్రినుండి ఆ రాజరికము ఫాసిస్టు పద్ధతి దళమునకు బందీయయ్యెను.

ఆ పిదపటి చరిత్ర తెలుగువారికి క్రొత్తగ చెప్పనక్కరలేదు. 1948 ఆగస్టు చివర బైరాన్‌పల్లి గ్రామస్థులు బురుజెక్కి తమ ఊరిని కాచుకొనుచుండగా, రజాకార్లును పోలీసులును కలసి ముట్టడించి, పట్టుబడినవారిని వరుసగ నిలిపి కాల్చిరి. గండినీరును తూమునీరును అక్కడ కలిసినవి. సెప్టెంబరు 13న భారతసైన్యము సంస్థానములో ప్రవేశించి, బెజవాడ వైపునుండి వచ్చిన దళము మొదటి దినముననే కోదాడను పట్టుకొనెను. 17వ తేదీ సాయంకాలమునకు యుద్ధము ముగిసెను. 18న ఎల్ ఎద్రూస్ వచ్చి భారతసేనాని జనరల్ చౌదురి యెదుట లొంగిపోయెను. అతనికి సైన్యమున్నది గనుక లొంగిపోయినాడు. రెండు లక్షల రజాకార్ల పక్షమున లొంగిపోవుటకు గాని, జవాబు చెప్పుటకు గాని ఏ సేనాధిపతియు ముందుకు రాలేదు; వారు ఆయుధములు పారవైచి జనములో కలసిపోయిరి. రజ్వీని పట్టి బంధించిరి. 1957లో విడుదలయై అతడు పాకిస్తానమునకు వెడలిపోయెను.

ఇంకొక్క మాట. రజాకార్లనగానే ఒక మతమువారందరును అని మన నోటినుండి జారు మాట ఈ పొరపాటునకు కవలపిల్ల. ఇమ్రోజ్ అను ఉర్దూ దినపత్రిక సంపాదకుడైన షోయబుల్లా ఖాన్‌ను, ముప్పదియేండ్లు నిండని యువకుని, సంస్థానము భారతదేశములో కలియవలెనని వ్రాసినందులకు, 1948 ఆగస్టు 21వ తేదీ రాత్రి హైదరాబాదు వీధిలో ఇంటికి పోవుచుండగా రజాకార్లు కాల్చి, వ్రాసిన చేతిని నరికివైచిరి; తెల్లవారకుండగనే అతడు మరణించెను. మా యెల్ల గ్రామములవారు ఇకమీదట పిల్లలకు రజాకార్ల కథ చెప్పునప్పుడు, రజ్వీ పేరుతోపాటు ఈ సంపాదకుని పేరును గూడ చెప్పవలెనని కోరుచున్నాను.