కార్వాన్ ఆఫీసులో ఫిజికల్ లేయర్

ఓఎస్‌ఐ మోడల్‌లో ఏడు లేయర్లని మనందరికీ కంఠతా వచ్చు. మొదటిదైన ఫిజికల్ లేయర్‌ని మాత్రం క్లాసులో పది నిమిషాల్లో దాటేస్తాం. కేబుల్స్, కనెక్టర్స్, నెక్స్ట్ స్లైడ్. ఈ వేసవి సెలవుల్లో మా బాబాయితో కలిసి కార్వాన్‌లో ఒక చిన్న ఆఫీసుకి పద్నాలుగు నెట్‌వర్క్ పాయింట్లు వేశాను. బాబాయి చేసేది ఇదే పని. ఆ స్లైడ్‌లో లేనివి కొన్ని ఇక్కడ రాస్తున్నా.

కార్వాన్ అంటే బిడారు. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండకీ పురానాపూల్‌కీ మధ్య దారిలో వజ్రాల వ్యాపారులు ఉన్న పేట. 1671 నాటి టోలీ మసీదు ఇంకా ఉంది. మేం పనిచేసిన బిల్డింగ్ అంత పాతది కాదు గానీ, గోడలు మాత్రం రాయి, సున్నంతో కట్టినవే. అడుగున్నర మందం. "వైఫై పెడితే అయిపోదా?" అని ఓనర్ గారు అడిగారు. అలాంటి గోడ రెండు దాటేసరికి సిగ్నల్ నీరసపడిపోతుంది. గదికో యాక్సెస్ పాయింట్ పెట్టాలి, దానికీ కేబుల్ కావాలి.

ముందు ర్యాక్ సంగతి. ర్యాక్ ఎత్తుని 'యూ'లలో కొలుస్తారు, ఒక యూ అంటే 44.45 మిల్లీమీటర్లు. మాది గోడకి బిగించే 9యూ ర్యాక్. స్విచ్, ప్యాచ్ ప్యానెల్ అన్నీ కలిపి 30 కిలోలు, లోతు 45 సెంటీమీటర్లు అనుకోండి. బరువు కిందికే లాగుతుందనుకుంటాం కదా, కానీ ఆ బరువు గోడకి సుమారు 22 సెంటీమీటర్ల దూరంలో వేలాడుతోంది. పై బోల్టులకీ కింది బోల్టులకీ మధ్య 40 సెంటీమీటర్లుంటే, పై బోల్టుల్ని గోడలోంచి బయటికి పీకే బలం దాదాపు 17 కిలోలు! ఫస్టియర్ మెకానిక్స్ ఇక్కడ పనికొచ్చింది.

డ్రిల్ పెట్టగానే సున్నం పొడి బుస్సున రాలింది. "గుల్లగున్నది రా, గిట్టీ ఆగదు," అన్నాడు బాబాయి. అందుకే రాళ్ల మధ్య సందుల్ని వదిలేసి, రాళ్లలోకే ఆరుచోట్ల యాంకర్ బోల్టులు దించి మందమైన ప్లైవుడ్ పలక బిగించి, దాని మీద ర్యాక్ ఎక్కించాం. యూపీఎస్ నేల మీదే ఉంచాం.

కేబుల్ కొనేటప్పుడే అసలు మోసం జరుగుతుంది. రాగి పూత పూసిన అల్యూమినియం తీగ బయటికి అచ్చం రాగిలాగే కనిపిస్తుంది, ధర తక్కువ. తీగ కొసని బ్లేడుతో గీకితే లోపల తెల్లగా మెరుస్తుంది. అల్యూమినియం నిరోధకత రాగి కంటే ఒకటిన్నర రెట్లు పైమాటే. డేటాతో పాటు కరెంటు కూడా అదే కేబుల్‌లో వెళ్లే కెమెరాలకి అది వేడి, వోల్టేజీ నష్టం. రెండుసార్లు వంచితే విరిగినా విరుగుతుంది. గోడలో పూడ్చాక మార్చాలంటే మళ్లీ గోడ పగలగొట్టాల్సిందే. ఓనర్ గారికి బాబాయి రెండు ముక్కలూ గీకి చూపించాకే అసలు రాగికి ఒప్పుకున్నారు.

పొడవు 100 మీటర్లు దాటకూడదన్నది తెలిసిందే. కానీ కేబుల్ నేరుగా పోదు, గోడెక్కి, మూల తిరిగి, దిగుతుంది. తొడుగు మీద మీటర్ల అంకెలు అచ్చేసి ఉంటాయి, మొదలూ చివరా రాసుకుంటే లెక్క తేలిపోతుంది. కరెంటు వైర్లకి దూరంగా లాగాలి, తప్పనిసరైతే అడ్డంగా దాటాలి.

ఇక రంగులు. తెల్ల-నారింజ, నారింజ, తెల్ల-ఆకుపచ్చ, నీలం, తెల్ల-నీలం, ఆకుపచ్చ, తెల్ల-గోధుమ, గోధుమ. ఆకుపచ్చ జంట ఎందుకు విడిపోయి 3, 6లో కూర్చుంటుందని నాకెప్పుడూ అనుమానమే. కొందరు ఏ జంటకా జంట పక్కపక్కన పెట్టేస్తారు. రెండు కొసల్లోనూ అలాగే పెడితే చౌక టెస్టర్‌లో ఎనిమిది లైట్లూ వరసగా వెలుగుతాయి. అయినా నెట్ నత్తనడకే! ఎందుకంటే 3, 6 మీద ఒకే సిగ్నల్ పోతుంది. ఆ రెండు తీగలూ ఒకదాన్నొకటి మెలేసుకుని ఉంటేనే బయటి రొద రెండింటి మీదా సమానంగా పడి రద్దవుతుంది. వేర్వేరు జంటల తీగలైతే ఆ రక్షణ పోతుంది. అందుకే కొసలో మెలిక కూడా అరంగుళం మించి విప్పకూడదు.

పద్నాలుగు కేబుళ్లకీ రెండు కొసల్లో నంబర్లు అతికించి, ఏ నంబరు ఏ గదిదో రాసిన కాగితం ర్యాక్ తలుపు లోపలివైపు అంటించాం. తెలుగులోనే రాశాను.