రెండు చెట్ల నడుమ ఒక రాత్రి

పాకాల, దామలచెరువు ప్రాంతములలోని మామిడితోపులను వేసవిలో చూచినవారికి ఒక దృశ్యము పరిచితమే. తల్లి కాయలు కోయుచుండును. కొమ్మకు కట్టిన చీర ఊయలలో బిడ్డ నిద్రించుచుండును. ఆ ఊయలనే పెద్దల కొలతకు పెంచి, రెండు చెట్ల నడుమ కట్టి, అందులో రాత్రి గడుపుట నేడు యువకులకు వేడుకయైనది. 1492లో కొలంబసు కరీబియను దీవులకు చేరినపుడు అచ్చటి ప్రజలు ఇట్టి వల ఊయలలలో పండుకొనుటను చూచెను. తరువాత ఓడలలోని నావికులు దానినే పడకగా చేసికొనిరి. ఇది గుడారముకంటె తేలిక. చదునైన నేల అక్కరలేదు. తేలు, జెఱ్ఱి భయము తక్కువ. కావలసినవి రెండు గట్టి చెట్లు మాత్రమే.

అయితే చెట్లు దొరకుట వేరు, వానికి ఊయల కట్టుకొనుటకు అనుమతి దొరకుట వేరు. కావున బయలుదేరుటకు ముందు వేసికొనవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ చెట్లు ఎవరివి?

మన ప్రాంతమున ఎక్కువ చెట్లున్నది అడవిలో. ఆ అడవిలో అధికభాగము రిజర్వు అడవి. 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టము ప్రకారము అనుమతి లేక అందు ప్రవేశించుటయే నేరము. తలకోన ఉన్న శ్రీ వేంకటేశ్వర జాతీయవనమునకును, పలమనేరు వైపునున్న కౌండిన్య అభయారణ్యమునకును 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము కూడ వర్తించును. అందు రాత్రి ఉండవలెనన్న అటవీశాఖ వ్రాతమూలకమైన అనుమతి ఉండవలెను. నిప్పు రాజేయుట నిషిద్ధము.

“ఒక్క రాత్రి పండుకొని పోవుదుము, ఇంత కట్టడి యేల?” అని కొందరు అడుగవచ్చును. శేషాచలము ఎర్రచందనమునకు పుట్టినిల్లు. దొంగ నరుకుళ్ల కారణముగా అచ్చట రాత్రింబవళ్లు గాలింపు సాగుచుండును. 2015 ఏప్రిల్ 7న ఆ అడవిలో ఎర్రచందనము కొరకు వచ్చిరని చెప్పబడిన 20 మంది పోలీసు కాల్పులలో మరణించిరి. చీకటిలో చెట్ల నడుమ కదలు మనిషి విహారి యగునో, దొంగ యగునో దూరమునుండి తెలియదు. ఇక మృగముల మాట. 2023 ఆగస్టులో తిరుమల కాలిబాటపై ఆరేండ్ల బాలికను చిరుతపులి పొట్టన పెట్టుకొన్నది. 2025 ఫిబ్రవరిలో ఓబులవారిపల్లె మండలమునందలి గుండాలకోనకు నడచిపోవుచున్న శివభక్తులపై ఏనుగులు పడి ప్రాణములు తీసినవి. ఏనుగుల దారికి అడ్డముగా కట్టిన ఊయలకు అట్టి వేళ రక్షణ యేది?

కావున అడవి వైపు పోదలచినవారు అనుమతించిన చోటులనే వెదకవలెను. తలకోనలో సిద్ధేశ్వరస్వామి ఆలయము, సుమారు 270 అడుగుల జలపాతము ఉన్నవి. అచ్చటి అతిథిగృహము ఆవరణలో గాని, మదనపల్లెకు సమీపమున 1265 మీటర్ల ఎత్తునగల హార్స్‌లీ కొండపై విడిదిగృహముల ఆవరణలో గాని గది తీసికొన్నవారు “చెట్లకు ఊయల కట్టుకొనవచ్చునా?” అని ముందే అడిగి, అచ్చటి బాధ్యుని మాట పొందవలెను. పగటి ప్రవేశపు టిక్కెట్టు రాత్రి బసకు అనుమతి కాదని మరువరాదు.

అడవికి పోకయే ఈ ముచ్చట తీర్చుకొను మార్గము మరి రెండున్నవి. మొదటిది పట్టాతోపు. యజమాని సరే యన్నచో చాలును. రెండవది ఊరుమ్మడి తోపు. రెవిన్యూ లెక్కలలో దీనిని తోపు పొరంబోకు అందురు. దీనికి పంచాయతీ వారిని, గ్రామ రెవిన్యూ అధికారిని అడుగవలెను. చెట్ల ఫలసాయమును వేలములో పాడుకొన్నవారుండిన వారి మాటయు కావలెను. కాపు కాలములో తోపు కావలివారు కొత్తవారిని అనుమానించుట సహజము. కావున పొద్దుండగనే పోయి, పేరు, ఊరు చెప్పి, “అన్నా, ఈ రాత్రికి మీ తోపులో ఊయల కట్టుకొని పండుకొందుమా?” అని అడిగినచో, “దానికేమి నాయనా, కట్టుకోండి, పొయ్యి మాత్రము పెట్టవద్దు” అను సమాధానమే తరచుగా వచ్చును. కాదన్నచో నమస్కరించి మరియొక తోపు చూచుకొనవలెను.

కొన్ని దేశములలో ఈ అడుగుట కూడ అక్కరలేదు. స్వీడనులో ఇండ్లకు దూరముగా ఇతరుల భూమిలో ఒక రాత్రి బస చేయుట జనులందరి హక్కు. స్కాట్లండులో 2003 నాటి చట్టము అట్టి హక్కును ఇచ్చినది. ఇంగ్లండులోని డార్ట్‌మూరు బయళ్లలో ఆ హక్కు ఉన్నదా లేదా యను వివాదము సుప్రీముకోర్టు దాక పోయి, 2025 మేలో ప్రజలకు అనుకూలముగా తీరినది. మనకు అట్టి చట్టము లేదు. కాని బాటసారికి అరుగు చూపు ఆచారము మన పల్లెలకు కొత్త కాదు. అది అడిగినవానికి దక్కునే గాని, చెప్పక చొరబడినవానికి దక్కదు.

అనుమతి దొరకిన పిదప చెట్టును కూడ గౌరవింపవలెను. చెట్ల నడుమ 12 మొదలు 15 అడుగుల ఎడముండవలెను. ఎండినదియు, పుచ్చినదియు పనికిరాదు. కాయలున్న కొబ్బరిచెట్టు క్రింద ఎన్నడును పండుకొనరాదు. సన్నని త్రాడు బెరడును కోయును. చెట్టుకు ఆహారము ప్రవహించునది ఆ బెరడు లోపలి పొరలోనే. కావున రెండు వ్రేళ్ల వెడల్పునకు తక్కువ కాని పట్టీనే చుట్టవలెను. ఊయలను బిగలాగుట మరియొక పొరపాటు. పట్టీ 30 డిగ్రీల వాలుగా ఉన్నచో 70 కిలోల మనిషి ఒక్కొక్క చెట్టును సుమారు 70 కిలోల బరువుతో లాగును. వాలు 10 డిగ్రీలకు తగ్గినచో ఆ లాగుడు 200 కిలోలు దాటును.

తెల్లవారి పట్టీ విప్పినపుడు బెరడుపై గీత యుండరాదు; నేలపై కాగితపు ముక్క యుండరాదు. అట్లు వచ్చినవానికి ఆ తోపు యజమాని రెండవసారి కాదనడు; అతని వెనుక వచ్చు మరియొక బాటసారికిని ఆ రెండు చెట్లు దొరకును.