గడపకు గట్టి టేకు, పలకకు వినీర్

ఎల్బీనగర్ నుంచి బీఎన్‌రెడ్డి నగర్, ఇంజాపూర్ మీదుగా తుర్కయంజాల్ వరకు సాగర్ రహదారి వెంట కొత్త ఇళ్లు లేస్తున్న కొద్దీ, గుమ్మం మొదలు పూజగది తలుపు దాకా అంతా గట్టి టేకుతోనే చేయించాలన్న కోరికా, దానికి అందని టేకు ధరా గృహస్థుల ముందు ఒకేసారి నిలుస్తున్నాయి. అప్పుడు వడ్రంగి సూచించే వినీర్‌ను నకిలీ టేకుగా చూసే అలవాటు ఇంకా పోలేదు. కానీ వెడల్పాటి పలకల విషయంలో అది డబ్బు చాలక చేసుకునే రాజీ కాదు, చెక్క స్వభావాన్ని ఎరిగి చేసే ఎంపిక.

దుంగను వేడినీటిలో నానబెట్టి, మెత్తబడ్డాక పదునైన కత్తితో సుమారు అర మిల్లీమీటరు మందాన తీసిన అసలు చెక్క పొరే వినీర్. దాన్ని పలుచని ప్లైవుడ్‌పై అతికించి, 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు గల షీట్లుగా అమ్ముతారు. జనం సన్‌మైకా అని పిలిచే లామినేట్‌పై కనిపించేది కాగితం మీద ముద్రించిన బొమ్మ కాగా, వినీర్‌పై కనిపించేది చెట్టులో పెరిగిన నారే. కత్తి కోతలో రంపపు పొట్టు రాలదు కనుక, అంగుళం మందం పలకకు పట్టే టేకు నుంచి లెక్క ప్రకారం 50 పొరల దాకా వస్తాయి. జిట్రేగి వంటి విలువైన కలప వ్యాపారంపై 2017 నుంచి అంతర్జాతీయ నియంత్రణ అమలవుతున్న కాలంలో ఈ పొదుపు చిన్నది కాదు.

అంతకంటే ముఖ్యమైనది చెక్క కదలిక. గాలిలోని తేమను బట్టి చెక్క నిలువునా దాదాపు మారదు గాని అడ్డంగా ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది. నిలకడకు పేరుపడ్డ టేకు కూడా పచ్చి దశ నుంచి పూర్తిగా ఆరేసరికి వలయాల దిశలో 5 శాతానికి పైగా తగ్గుతుంది. మే నెల వడగాలికి ఎండి, ఆగస్టు ముసురుకు తేమ పీల్చే ఇక్కడి వాతావరణంలో, రెండడుగుల వెడల్పు గట్టి పలకను కదలనీయకుండా మేకులతో బిగిస్తే అది నెర్రె విచ్చుతుంది, లేదా వంకర తిరుగుతుంది. పాతకాలపు వడ్రంగులు తలుపు చట్రంలో గాడి తీసి, పలకను జిగురు లేకుండా వదులుగా కూర్చోబెట్టింది ఇందుకే. ప్లైవుడ్‌లో ఒక పొర నార పక్క పొర నారకు అడ్డంగా ఉండటంతో ఒకదాని కదలికను మరొకటి ఆపుతుంది. అందుకే వినీర్ పలక చదునుగా నిలుస్తుంది.

అయితే ఒకవైపే వినీర్ అతికించి వెనుకవైపు వదిలేస్తే, రెండు ముఖాలూ తేమను సమానంగా పీల్చక అల్మారా తలుపు వంగుతుంది. వెనుకకూ ఒక పొర తప్పనిసరి. అంచులకు టేకు బీడింగ్ కొట్టాలి. అర మిల్లీమీటరు పొరపై గరుకు కాగితం ఎక్కువ రుద్దితే కింది ప్లై బయటపడుతుంది, ఆపై చిత్రిక పట్టే వీలుండదు. నీళ్లతో కడిగి పసుపు రాసే గడపకు, ద్వారబంధానికి, జల్లు తగిలే కిటికీకి వినీర్ పనికిరాదు. అక్కడ చేవదేరిన టేకే కావాలి.

కొనేవారు ప్లైవుడ్‌పై ఐఎస్ 303 లేదా ఐఎస్ 710 ముద్ర చూడాలి. ఒకే దుంగ నుంచి వరుసగా తీసిన షీట్లనే అడిగి, వాటిని పగటి వెలుతురులో పక్కపక్కన నిలబెట్టి నార కలుస్తోందో లేదో సరిచూసుకున్న తర్వాతే కోతకు ఇవ్వాలి.