కోరికకు హద్దు ఎక్కడ?

సమస్త స్తోత్రాలూ సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సఅసం)పై శాంతి, శుభాలు వర్షించుగాక!

ధార్మిక సోదరులారా! సొంత ఇల్లు ఉంటే చాలునని మనిషి అనుకుంటాడు. ఇల్లు కట్టుకున్న పిమ్మట దానిపై మరో అంతస్తు కావాలనిపిస్తుంది. రెండేళ్లలో అప్పు తీర్చి తిరిగి వస్తానని గల్ఫ్‌కు వెళ్లిన తండ్రి, అప్పు తీరిన తర్వాత కూడా అక్కడే ఉండిపోతాడు. పిల్లలు ఆయన చేయి పట్టుకుని నడవకుండానే పెద్దవారవుతారు. ఎంత లభించినా 'ఇక చాలు' అన్న మాట మన నోట ఎందుకు రాదు?

దివ్య ఖుర్ఆన్‌లోని 102వ సూరా 'అత్ తకాసుర్' ఈ వ్యాధికి పేరు పెట్టింది. 'కస్రత్' అంటే ఆధిక్యం. అదే ధాతువు నుంచి వచ్చిన 'తకాసుర్' అనే పదంలో ఆధిక్యం కోసం ఒకరితో ఒకరు పోటీపడటమనే భావం ఉంది. ఈ పోటీ మనిషిని సమాధి చేరేవరకూ ఏమరుపాటులో ఉంచుతుందని 8 ఆయతుల ఆ చిన్న సూరా హెచ్చరిస్తోంది. అవసరానికి ఒక కొలత ఉంటుంది. కడుపుకు ఇంత అన్నం, ఒంటికి ఇంత వస్త్రం. పోటీకి కొలత ఉండదు. ఎందుకంటే దాని కొలబద్ద పొరుగువాని ఇంట్లో ఉంటుంది.

మరి కోరికను చంపుకోవాలా? హజ్రత్ ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మలై) జీవితాన్ని గమనించండి. యౌవనంలో ఆయన ఖరీదైన వస్త్రాలకు, సుగంధాలకు పేరుపొందారు. మదీనా పాలకులయ్యారు. హిజ్రీ 99లో ఖలీఫా అయ్యారు. తన మనసు ఒకటి దక్కగానే అంతకన్నా ఉన్నతమైన దాన్ని ఆశించేదనీ, ఖిలాఫత్ దక్కాక ఇక స్వర్గాన్నే ఆశిస్తోందనీ ఆయన చెప్పినట్లు ఉల్లేఖనాలున్నాయి. అధికార శిఖరాన నిలిచి ఆయన నిరాడంబరతను ఎన్నుకున్నారు. కోరిక అలాగే ఉంది, దాని దిశ మారింది. మేలులో పోటీపడమని ఖుర్ఆన్ కూడా మనల్ని పిలుస్తోంది. ఆ పోటీలో మరొకరు గెలిచినంత మాత్రాన మన వాటా తరగదు.

సోదరులారా! సంపద విషయంలో మనకన్నా తక్కువ ఉన్నవారిని చూడమని దైవప్రవక్త (సఅసం) బోధించారు. మనం పైవారినే చూస్తున్నాం. వడ్డీకి అప్పు తెచ్చి ఘనంగా పెళ్లి చేయాలనుకునేవారు ముందుగా తమను తాము ప్రశ్నించుకోవాలి: 'చూసేవారెవరూ లేకపోతే ఇదంతా నాకు అవసరమా?' దూరదేశంలో సంపాదిస్తున్నవారు ఎంత కూడితే చాలో ఇంటివారితో మాట్లాడి ఇప్పుడే నిర్ణయించుకోవాలి. ఆ మొత్తం కూడిననాడు మాట నిలబెట్టుకోవాలి. హద్దు మనమే గీసుకోకపోతే, దాన్ని గీసేది మరణమే.

అల్లాహ్ మనకు తృప్తి చెందే హృదయాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.