బండెక్కిన చేతికర్ర

పింఛను రోజుల్లో బ్యాంకు ముందు ఈ దృశ్యం మామూలే. మనవడు బైకు నడుపుతుంటాడు, వెనక తాతగారు చేతికర్రను ఒళ్లో అడ్డంగా పెట్టుకుని కూర్చుంటారు. ఆ కర్ర పొడవు సుమారు 90 సెంటీమీటర్లు. మామూలు బైకు హ్యాండిల్ అంతకంటే తక్కువ వెడల్పు ఉంటుంది. హ్యాండిల్ పట్టిన సందులో బండి పడుతుందన్న లెక్కతోనే కదా ఎవరైనా నడిపేది! వెనక కర్ర కొస బయటికి పొడుచుకొచ్చిన సంగతి మనవడికి తెలియదు. పక్కనుంచి పోయే ఆటోకు అది తగిలిందంటే, కర్రతో పాటు పట్టుకున్న మనిషీ మెలితిరిగి పడతాడు.

కర్రను పక్కకు వేలాడదీస్తే ఇంకా ప్రమాదం. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో బైకు చక్రం సెకనుకు దాదాపు ఆరు చుట్లు తిరుగుతుంది. కొస చువ్వల్లోకి వెళ్లిందా, వెనక్కి లాక్కునే వ్యవధి ఉండదు. కర్ర ఇరుక్కుని చక్రం బిగుసుకుపోతుంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వ నిబంధన ప్రకారం వెనక కూర్చునేవారికి పట్టుకునే పిడి, ఫుట్‌రెస్టు, వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే రక్షణ ఉండాలి. మన శారీ గార్డు ఆ రక్షణ కోసమే. చీర చెంగును అది ఆపుతుంది గానీ, దాని కడ్డీల సందుల్లోంచి కర్ర దూరిపోగలదు.

పిడి పట్టుకోవాలంటే పెద్దవాళ్ల చేతులు ఖాళీగా ఉండాలి. అందుకే కర్రను బండికే అప్పగించాలి. దానికి ఎడమవైపే సరైన చోటని నా అభిప్రాయం. కుడివైపు సాధారణంగా సైలెన్సర్ ఉంటుంది, ఆ వేడికి కర్ర అడుగున ఉండే రబ్బరు తొడుగు పాడవుతుంది. పైగా మనం బండెక్కేది ఎడమవైపు నుంచే. కుడిచేయి నడిపేవాడి భుజం మీద, ఎడమచేతిలో కర్ర. కూర్చున్నాక ఆ చేత్తోనే కర్రను పెట్టేయవచ్చు, దిగబోయే ముందు ఆ చేత్తోనే తీసుకోవచ్చు. మోకాలి మీద బరువంతా పడేది ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ కాబట్టి, కర్ర అప్పుడు చేతిలో ఉండి తీరాలి.

శారీ గార్డు పై కడ్డీకి, నేలకు సమాంతరంగా, రబ్బరు తొడుగు పట్టేంత పీవీసీ పైపు ముక్కను గట్టిగా బిగించాలి. ముందువైపు మూత, వెనకవైపు నోరు. కర్ర అడుగు అందులోకి పోతుంది, పిడి వైపు సైకిల్ ట్యూబు ముక్కతో ఒక చుట్టు చాలు. ముందు కొసనే పైపులో పెట్టడానికి కారణముంది. ట్యూబు తెగి వెనక కొస జారితే కర్ర నేలను రాసుకుంటూ వస్తుంది, చప్పుడుకు బండి ఆపవచ్చు. ముందు కొస జారితే మాత్రం నేలలో గుచ్చుకుని బండినే తిరగేస్తుంది.

ఒకపక్కకు కాళ్లు పెట్టి కూర్చునే అమ్మమ్మలకు ఈ ఏర్పాటు అడ్డమే. వాళ్లకు మడత కర్ర మేలు, మడిస్తే చేతిసంచిలో పడుతుంది. అయితే మడత కర్ర గొట్టాల లోపలి ఎలాస్టిక్ తాడు సాగిపోతే అవి ఒకదాన్లో ఒకటి పూర్తిగా కూర్చోవు. అందుకే దిగేముందు కర్రను విప్పి, నడిపేవాళ్లు ఒకసారి దాని మీద బరువు మోపి చూసి చేతికివ్వాలి.